బడి పెద్దదైతే చాలా, మంచి హెడ్మాస్టర్ ఉంటే చాలా?

ప్రశ్న: మాది విశాఖ జిల్లా ఆనందపురం మండలంలో ఒక పల్లె. మా ప్రాథమిక బడిలో 34 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. 3, 4, 5 తరగతుల పిల్లల్ని ఒకటిన్నర కిలోమీటరు దూరంలో ఉన్న మోడల్ ప్రైమరీ స్కూలుకు పంపమంటున్నారు. అక్కడ 140 మంది దాకా ఉన్నారట. హెడ్మాస్టర్ మంచి పనిమంతుడని పేరు. మధ్యలో పెద్ద రోడ్డు దాటాలి. నేను తల్లిదండ్రుల కమిటీ చైర్మన్‌ని. స్కూలు పెద్దదైతే చదువు బాగుపడుతుందా? లేక అంతా హెడ్మాస్టర్‌ని బట్టే ఉంటుందా?

జవాబు:

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ స్కూల్లో తరగతికొక టీచరు నిజంగా పనిచేస్తూ ఉంటే, రోడ్డు దాటించే ఏర్పాటు ఖాయమైతే, 3, 4, 5 పిల్లల్ని పంపండి. ఒకటి, రెండు తరగతులు మాత్రం మీ ఊళ్లోనే ఉండాలని గట్టిగా పట్టుబట్టండి. హెడ్మాస్టర్ మంచివాడన్న ఒక్క మాట మీద మాత్రం పంపకండి. ఎందుకో వివరంగా రాస్తాను. ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా, చిన్న బడిలో ఉద్యోగం మొదలుపెట్టి, పెద్ద జడ్పీ హైస్కూల్లో హెడ్మాస్టర్‌గా రిటైరైన మనిషిని కాబట్టి రెండు వైపులా దగ్గర నుంచి చూశాను.

మీ బడి లెక్క కాగితం మీద చాలా అందంగా ఉంటుంది. 34 మందికి ఇద్దరు, అంటే 17 మందికి ఒక టీచరు. విద్యాహక్కు చట్టం అడిగేది 30 మందికి ఒకరినే. ప్రైవేటు స్కూళ్లలోనూ ఇంత మంచి నిష్పత్తి అన్నిచోట్లా దొరకదు. కానీ ఆ ఇద్దరూ కలిసి నడపాల్సింది ఐదు తరగతుల్ని. ఒకరు 1, 2 తీసుకుంటే రెండోవారికి 3, 4, 5 మిగులుతాయి. నలభై నిమిషాల పీరియడ్‌లో ఒక్కో తరగతికి దక్కేది పదమూడు నిమిషాలు. అందులోనూ ఒకరు సెలవు పెట్టినా, చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి పెట్టే కాంప్లెక్స్ మీటింగ్‌కి వెళ్లినా, ఓటర్ల జాబితా పని పడినా, ఐదు తరగతులూ ఒక్కరి నెత్తినే. ఆ రోజు బడి తెరిచి ఉంటుంది, మధ్యాహ్న భోజనం వడ్డిస్తారు, హాజరు పడుతుంది, పాఠం మాత్రం జరగదు. అలాంటి రోజులు ఏడాదిలో ఎన్ని ఉంటాయో మీ బడి రిజిస్టర్ చూస్తే మీకే తెలుస్తుంది.

ఇది మీ ఊరి సంగతి మాత్రమే కాదు. దేశంలోని బడుల వివరాలు సేకరించే యూడైస్ 2016-17 లెక్కల ప్రకారం ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు 28 శాతం బడుల్లో 30 మంది కన్నా తక్కువ పిల్లలున్నారని 2020 జాతీయ విద్యావిధానంలోనే రాశారు. ఒకే టీచరున్న బడులు అప్పటికి 1,08,017. ఆవాసానికి ఒక బడి పెట్టుకుంటూ పోయాం, అది మంచి పనే. కానీ తరగతికొక టీచరు అన్నది పక్కన పడిపోయింది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడికి హెడ్మాస్టర్ ఉండాల్సింది పిల్లలు 150 దాటినప్పుడే. అంటే మీలాంటి బడికి చట్టప్రకారం హెడ్మాస్టరే లేరు. ఇద్దరిలో సీనియర్ టీచరు ఇన్‌ఛార్జిగా సంతకాలు పెడతారు. ఆయనే మూడు తరగతులకు పాఠం చెప్పాలి, భోజనం బియ్యం లెక్క రాయాలి, కిట్లు పంచి వేలిముద్రలు వేయించాలి. ఆయన్ని పట్టుకుని మీ స్కూలు విజన్ ఏమిటని అడగడం న్యాయం కాదు. నాయకత్వం సంగతి అడగాలంటే ముందు నాయకుడికి కాస్త తీరిక ఉండాలి కదా. పరిమాణానికీ నాయకత్వానికీ మొదటి ముడి ఇక్కడే ఉంది. బడి మరీ చిన్నదైతే నాయకత్వం అనే పనికి అందులో చోటే ఉండదు. అది బయటి నుంచి, అంటే కాంప్లెక్స్ హైస్కూల్ హెడ్మాస్టర్ నుంచి రావాలి. 1964-66 నాటి కొఠారీ కమిషన్ స్కూల్ కాంప్లెక్స్ అనే ఆలోచన చెప్పింది కూడా అందుకే: హైస్కూల్ చుట్టూ ఉన్న చిన్న బడులన్నీ ఒక కుటుంబంలా పనిచేయాలని. ఆలోచన చాలా గొప్పది. కానీ నేను చూసిన కాంప్లెక్స్ సమావేశాలు ఎక్కువగా సర్క్యులర్లు చదివి వినిపించడంతోనే ముగిసిపోయేవి.

అయితే పెద్ద బడి అనగానే ఎగిరి గంతేయకండి. మన విశాఖలో చంద్రంపాలెం జడ్పీ హైస్కూల్ లాంటి, పిల్లలు వేలల్లో ఉన్న ప్రభుత్వ బడులున్నాయి. మధురవాడ వైపు నగరం పెరిగింది, భవన నిర్మాణ పనులకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కుటుంబాలు వచ్చాయి, పిల్లలు వచ్చారు. అంత పెద్ద బడిలో సమస్య వేరే రకం. సబ్జెక్టుకు నలుగురైదుగురు టీచర్లుంటారు, ల్యాబ్ ఉంటుంది, ఆటస్థలం ఉంటుంది. కానీ హెడ్మాస్టర్‌కి ఎనిమిదో తరగతి ఎఫ్ సెక్షన్లో వెనక బెంచీ పిల్లాడి పేరు తెలియదు. తెలియాలని ఆశించడం కూడా కష్టమే. ఆ పిల్లాడు వరసగా వారం రోజులు రాకపోతే ఎవరు గమనిస్తారన్నదే పెద్ద బడికి అసలు పరీక్ష. చిన్న బడిలో ఆ సాయంత్రమే మేడమ్ వాళ్లింటి గుమ్మం ముందు నిలబడుతుంది.

విదేశాల్లో దీని మీద చాలా పరిశోధన జరిగింది. దాన్ని మనవాళ్లు సగమే చెబుతుంటారు. చిన్న బడులే మేలని తేల్చిన అధ్యయనాల్లో 'చిన్న' అంటే ఎంతో చూడాలి. కెనడా పరిశోధకులు లీత్‌వుడ్, జాంట్జీ 2009లో పాత అధ్యయనాలన్నీ సమీక్షించి, పేద పిల్లలు ఎక్కువగా ఉండే ప్రాథమిక బడి 300 దాటకపోతే మంచిదన్నారు. వాళ్ల చిన్న బడి అది. మీరు పంపాలా వద్దా అని భయపడుతున్న ఆ 'పెద్ద' స్కూలు అందులో సగం కూడా లేదు. కాబట్టి మీ దగ్గర ప్రశ్న చిన్నదా పెద్దదా అని కాదు, బడి నడవడానికి కనీసం సరిపడా పిల్లలున్నారా అని.

అమెరికాలో 2000 ప్రాంతంలో గేట్స్ ఫౌండేషన్ పెద్ద హైస్కూళ్లను విడగొట్టి చిన్నవి చేయడానికి భారీగా డబ్బు పెట్టింది. చాలాచోట్ల ఫలితాలు ఆశించినంతగా మెరుగుపడలేదని 2009లో బిల్ గేట్సే రాశారు. న్యూయార్క్ నగరంలో మాత్రం లాటరీ ద్వారా సీటు వచ్చిన పిల్లల్ని, రాని పిల్లలతో పోల్చి చూస్తే చిన్న స్కూళ్లలో చదువు పూర్తిచేసినవాళ్లు స్పష్టంగా ఎక్కువ. తేడా ఏమిటంటే అక్కడ పాత స్కూలుని గోడ కట్టి రెండు చేయలేదు. కొత్త ప్రిన్సిపాల్, ఆయన కూర్చుకున్న టీచర్ల బృందం, ఒక స్పష్టమైన ఉద్దేశం, వీటితో మొదటి నుంచి కట్టుకొచ్చారు. సైజు తగ్గించడం ఒక అవకాశం ఇచ్చింది, ఆ అవకాశాన్ని వాడుకున్నది మనుషులు.

చిన్న బడుల ఫలితాలు చూసేటప్పుడు ఒక లెక్క తప్పకుండా గుర్తుంచుకోవాలి. పదో తరగతిలో 12 మంది ఉన్న స్కూల్లో ఒక్కరు తప్పితే ఫలితం 92 శాతానికి పడిపోతుంది. 240 మంది ఉన్న చోట ఒక్కరు తప్పితే అర శాతం కూడా తగ్గదు. అందుకే ప్రతి ఏడాదీ ఫలితాలప్పుడు పేపర్లో వచ్చే 'నూరు శాతం' జాబితాలో చిన్న బడులే ఎక్కువ కనిపిస్తాయి, అట్టడుగు జాబితాలోనూ అవే ఎక్కువ. వచ్చే ఏడాది వాటి స్థానాలు తారుమారవుతాయి. దానికి హెడ్మాస్టర్‌ని పొగడటమూ తిట్టడమూ రెండూ అన్యాయమే. ఒక బడిని అంచనా వేయాలంటే కనీసం మూడేళ్ల ఫలితాలు కలిపి చూడండి.

2025 పదో తరగతి ఫలితాల్లో పార్వతీపురం మన్యం జిల్లా 93.90 శాతంతో రాష్ట్రంలో మొదటి స్థానంలో ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64 శాతంతో చిట్టచివర ఉంది. రెండూ ఏజెన్సీ జిల్లాలే. రెండింట్లోనూ కొండల మీద చెల్లాచెదురుగా ఉన్న ఊళ్లు, ఆశ్రమ పాఠశాలలు, టీచర్ల కొరత ఉన్నాయి. బడి సైజే అంతా నిర్ణయించేదైతే ఈ రెండింటి మధ్య ఇంత దూరం ఉండకూడదు. ఒక్క ఏడాది ఫలితంతో తీర్పు చెప్పకూడదని ఇప్పుడే అన్నాను కాబట్టి దీన్నీ అంతవరకే తీసుకోండి. కానీ సైజుకు బయట ఏదో బలంగా పనిచేస్తోందని మాత్రం చెబుతుంది.

ఇక హెడ్మాస్టర్ సంగతి.

ముందుచూపు ఉన్న హెడ్మాస్టర్ అంటే చాలామందికి మైకు పట్టుకుని బాగా మాట్లాడే మనిషి, దాతల దగ్గర డబ్బు తెచ్చి గేటు కట్టించే మనిషి గుర్తొస్తారు. గేటు కావాలి, రంగులు కావాలి, కాదనను. 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు పనుల తర్వాత మన బడుల రూపు మారింది, మరుగుదొడ్లు, నీళ్లు వచ్చాయి. ముఖ్యంగా ఆడపిల్లలకు అది చాలా పెద్ద మేలు. కానీ చదువు మీద ప్రభావం చూపే నాయకత్వం ఎలా ఉంటుందో పరిశోధనలు చాలా స్పష్టంగా చెప్పాయి. న్యూజిలాండ్‌కి చెందిన వివియన్ రాబిన్సన్ బృందం 2008లో అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసింది. పిల్లల చదువు మీద అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం కనిపించింది, హెడ్మాస్టర్ తన టీచర్లతో కలిసి కూర్చుని, పాఠం ఎలా చెప్పాలో తానూ వాళ్లతోపాటు నేర్చుకున్న చోట. ఉత్తేజపరిచే ఉపన్యాసాల ప్రభావం దాని పక్కన చాలా తక్కువ.

నా సర్వీసులోనూ ఇదే చూశాను. నేను పనిచేసిన హైస్కూల్‌కి చుట్టుపక్కల బడుల నుంచి ఆరో తరగతికి పిల్లలొచ్చేవారు. జూన్‌లో తరగతులు మొదలైన వెంటనే ప్రతి పిల్లాడినీ విడిగా కూర్చోబెట్టి రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా చదివించేవాళ్లం. మూడంకెల తీసివేత ఒకటి చేయించేవాళ్లం. సైన్సు మాస్టారు, డ్రాయింగ్ మాస్టారు, నేను, అందరం చదివించేవాళ్లం. ఎవరు అక్షరాల దగ్గర ఆగిపోయారో, ఎవరు వాక్యం దగ్గర తడబడ్డారో ఒక పుస్తకంలో రాసుకునేవాళ్లం. ఆ తర్వాత మొదటి రెండు నెలలూ రోజూ మొదటి పీరియడ్ ఆరో తరగతి మొత్తానికీ సెక్షన్లు పక్కనపెట్టి స్థాయిని బట్టి గుంపులు చేసేవాళ్లం. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే పని కూడా ఇలాంటిదే: తరగతిని చూసి కాదు, పిల్లవాడి స్థాయిని చూసి నేర్పడం. ఇందులో గొప్ప తెలివేమీ లేదు. టైమ్‌టేబుల్లో ఒక పీరియడ్ దానికోసం ఖాళీ చేయగలిగాం, పదో తరగతికి పెట్టిన గట్టి టీచర్లలో కొందరిని ఆరుకు దింపగలిగాం. హెడ్మాస్టర్ చేతిలో ఉన్న అసలు అధికారం ఆ రెండే. ఏ టీచరు ఏ తరగతికి, ఏ పీరియడ్ దేనికి.

'ఈ ఏడాది మా లక్ష్యం నూరు శాతం' అని గోడ మీద రాయించిన చాలా బడుల్లో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. మంచి టీచర్లందరూ పదో తరగతికి పోతారు. ఆరు, ఏడు తరగతులకు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు వెళతారు. జనవరి నుంచి పదో తరగతికి తప్ప మిగిలిన తరగతులకు బడే ఉండదు. పాస్ మార్కు 35 కాబట్టి మెటీరియల్ బట్టీ పట్టించి గట్టెక్కిస్తారు. ఆ ఏడాది ఫలితం వస్తుంది. కింది తరగతుల్లో మాత్రం నాలుగేళ్ల తర్వాతి పదో తరగతి బ్యాచ్ అప్పటికే వెనకబడి ఉంటుంది. అది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే అందులో ఉన్నవాళ్లంతా నిజాయితీగా కష్టపడుతున్న టీచర్లే. రాత్రి స్టడీ అవర్లు పెట్టి, సొంత డబ్బుతో పిల్లలకు బిస్కెట్లు కొనిచ్చేవాళ్లే. లక్ష్యం తప్పుగా పెట్టుకుంటే ఇంత కష్టమూ ఒక్క తరగతి మీదే ఖర్చయిపోతుంది.

లక్ష్యం కాగితం మీద రాసినంత మాత్రాన సరిపోదనడానికి మన దేశంలోనే పెద్ద ఆధారం ఉంది. మధ్యప్రదేశ్‌లో స్కూళ్లను మదింపు చేసి, ఒక్కో స్కూలుకీ అభివృద్ధి ప్రణాళిక రాయించి, అధికారుల చేత తనిఖీలు చేయించే కార్యక్రమం పెట్టారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ దాన్ని దాదాపు 1,800 స్కూళ్లలో పరీక్షించి చూశారు. మదింపులు జరిగాయి, ప్రణాళికలు తయారయ్యాయి. తరగతి గదిలో టీచరు చేసే పని మారలేదు, పిల్లల చదువులో తేడా రాలేదు. ఫైలు నిండింది, అంతే. అదే సమయంలో, హెడ్మాస్టర్ మారితే తేడా వస్తుందనడానికీ ఆధారం ఉంది. 2021లో అమెరికాలో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, పనితీరులో కింది పాతిక శాతం గీత దగ్గరున్న ప్రిన్సిపాల్ స్థానంలో పై పాతిక శాతం గీత దగ్గరున్న ప్రిన్సిపాల్ వస్తే, పిల్లలకు ఏడాదిలో లెక్కల్లో దాదాపు 3 నెలల చదువు అదనంగా అందినంత లాభం. ఒక్క మనిషి మారితే స్కూల్లో ఉన్న పిల్లలందరికీ అది అందుతుంది. బడి ఎంత పెద్దదైతే మంచి హెడ్మాస్టర్ వల్ల లాభం అంతమందికి, చెడ్డ హెడ్మాస్టర్ వల్ల నష్టమూ అంతమందికి.

మరి అలాంటప్పుడు మంచి పేరున్న హెడ్మాస్టర్‌ని నమ్మి పంపొద్దని ఎందుకన్నాను? ఎందుకంటే ఆయన వెళ్లిపోతారు. మన బదిలీ నిబంధనల్లో హెడ్మాస్టర్ ఒకచోట ఉండగలిగే కాలానికి గరిష్ఠ పరిమితి ఉంది. మీ మూడో తరగతి పాప ఐదుకు వచ్చేసరికే ఆయన ఉండకపోవచ్చు. మంచి హెడ్మాస్టర్‌కి గుర్తు ఏమిటంటే ఆయన సెలవు పెట్టిన రోజు కూడా ఆ పద్ధతి నడుస్తుంది. వీలైతే ఆయన లేని రోజు ఆ స్కూలుకు వెళ్లండి. ప్రార్థన తర్వాత పది నిమిషాల్లో అందరూ తరగతుల్లో ఉన్నారా, ఐదు గదుల్లోనూ పాఠం జరుగుతోందా చూడండి. నాలుగో తరగతిలో ఎవరైనా ఇద్దరు పిల్లల్ని తెలుగు పుస్తకం చదవమనండి. టీచర్‌ని 'మీ తరగతిలో ఇంకా చదవడం రానివాళ్లు ఎవరండీ' అని అడగండి. పేర్లు వెంటనే చెప్పగలిగితే ఆ బడి మీద నమ్మకం పెట్టుకోవచ్చు. 'కొంతమంది ఉన్నారండీ' అంటే ఆలోచించండి.

చిన్న బడిలో మంచి చదువు అసలు సాధ్యమే కాదని మాత్రం అనుకోకండి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒకే గదిలో అన్ని తరగతులూ కలిపి చెప్పే పద్ధతిని ఎన్నో ఏళ్లుగా నడిపారు. పిల్లలు కార్డుల సాయంతో తమ వేగంతో మెట్లు ఎక్కుతారు, టీచరు ఒక్కో గుంపు దగ్గరికి వెళ్లి కూర్చుంటారు. చెన్నై కార్పొరేషన్ బడులు, ఆ తర్వాత తమిళనాడు మొత్తం దాన్ని చూసి నేర్చుకున్నాయి. ఏజెన్సీలో దారి లేని గూడెంలో పది మంది పిల్లలున్న బడిని మూసి ఎక్కడో కలపడం తప్పు. అక్కడ ఇలాంటి పద్ధతే దిక్కు. కానీ దానికి టీచర్‌కి ప్రత్యేక శిక్షణ, సామగ్రి కావాలి. మీ ఊరికి పక్కనే తరగతికొక టీచరు దొరుకుతుంటే ఆ అవకాశం వదులుకోవడం ఎందుకు?

విలీనంలో ఏం పోతుందో కూడా చెప్పాలి. 2022లో జీవో 117 కింద 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకు కలిపినప్పుడు చాలా చోట్ల తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. ఎనిమిదేళ్ల పిల్లల్ని పదో తరగతి పిల్లల మధ్యకు, దూరానికి పంపడం వాళ్లకు నచ్చలేదు, అందులో న్యాయం ఉంది. 2025లో ఆ జీవోను రద్దు చేసి, ప్రాథమిక తరగతుల్ని ప్రాథమిక బడిలోనే ఉంచుతూ మోడల్ ప్రైమరీలు పెట్టారు. ఇది మెరుగైన ఆలోచన అని నా అభిప్రాయం. కానీ ఒక ప్రమాదం అలాగే ఉంది. అక్క వేరే బడికి పోతే తమ్ముణ్ణి ఒకటో తరగతికి చేయి పట్టుకుని తీసుకెళ్లేవాళ్లుండరు. అమ్మానాన్నలు పొద్దున్నే పనికి వెళతారు. ఇంటి ముందుకొచ్చే కాన్వెంట్ వ్యానులో ఇద్దర్నీ ఎక్కించేస్తారు. మీ ఊరి బడిలో ఒకటి, రెండు తరగతుల్లో మిగిలే సుమారు 14 మంది కాస్తా ఏడుగురవుతారు. అందుకే కింది రెండు తరగతుల గురించి ఇప్పుడే మాట్లాడాలి.

రోడ్డు విషయంలో అసలు రాజీ పడకండి. ఆనందపురం నుంచి అనకాపల్లి వైపు వెళ్లే ఆరు వరుసల రోడ్డు మీద లారీలు ఎలా వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మన రాష్ట్ర నిబంధనల్లో ప్రాథమిక బడి నడక దూరంలో, 1 కిలోమీటరు లోపు ఉండాలి. మీది అంతకు మించింది కాబట్టి రవాణా భత్యం అడిగే హక్కు మీకుంది. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకంలో దీనికి ఒక్కో పిల్లాడికి ఏడాదికి రూ.6,000 వరకు ఇస్తారు. ఆ డబ్బు ఎవరి ఖాతాల్లో వాళ్లకు పడితే ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. తల్లులందరూ కలిసి ఒక ఆటో మాట్లాడుకుంటే నయం. డ్రైవరు ఎవరో, ఎంతమందిని ఎక్కించాలో కమిటీయే తేల్చాలి.

చివరిగా, నోటి మాట మీద ఒప్పుకోవద్దు. కమిటీ సమావేశం పెట్టి మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయించండి: మోడల్ ప్రైమరీలో ఐదుగురు టీచర్లు చేరాకే మా పిల్లలు వస్తారు, 1, 2 తరగతులు ఊళ్లోనే ఒక రెగ్యులర్ టీచర్‌తో కొనసాగాలి, ఆ టీచర్ సెలవు పెడితే కాంప్లెక్స్ నుంచి మరొకరిని పంపాలి, రవాణా ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి. దాని నకలు మండల విద్యాధికారి (ఎంఈవో) గారికి ఇచ్చి, రెండో కాపీ మీద రసీదు తీసుకోండి. పిల్లలు వెళ్లేముందు మీ బడి టీచర్లతోనే ఒక్కొక్కరికీ చదవడం, తీసివేత ఎంతవరకు వచ్చో రాయించి పెట్టుకోండి. అదే పేరా, అవే లెక్కలు సంక్రాంతి సెలవుల తర్వాత కొత్త బడిలో చేయించండి. అప్పటికి తేడా కనిపించకపోతే ఆ రెండు కాగితాలూ పట్టుకుని హెడ్మాస్టర్ ముందు కూర్చోండి. నిజంగా పనిమంతుడైతే ఆయన మీ చేతిలోంచి వాటిని తీసుకుని, ముందు ఏ పిల్లల దగ్గర మొదలుపెట్టాలో అడుగుతారు.